యాభైకి దగ్గరపడ్డాక పిహెచ్‌డి చేయాలంటే ఎలా?

ముందుగా ఒక సందేహం తీర్చేస్తాను. పిహెచ్‌డిలో చేరడానికి యూజీసీ (విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) గరిష్ఠ వయసు పెట్టలేదు. 30 ఏళ్ల పరిమితి పరిశోధకులకు నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)కే, అందులోనూ మహిళలకు, కొన్ని వర్గాలకు సడలింపు ఉంది. ఫెలోషిప్ డబ్బు మనకు రాకపోవచ్చు గానీ సీటుకు వయసు అడ్డు కాదు.

పాత మార్కుల మెమోలు బయటికి తీయండి. పీజీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం తగ్గింపు. ఆడవాళ్లయితే సర్టిఫికెట్లలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉందేమో చూసుకోండి. ఆ తేడా ఇప్పుడే సరిచేసుకుంటే అడ్మిషన్ రోజున టెన్షన్ ఉండదు.

ఇక అసలు పని: ప్రశ్న వెతుక్కోవడం. దీనికి నెలలు పట్టినా పట్టనివ్వండి. ఇరవై రెండేళ్ల కుర్రాడికి లేనిది మనకున్నది ఇక్కడే. నేను బ్యాంకులో ఏళ్ల తరబడి పంట రుణాలు చూశాను. మొదట 'గ్రామీణ రుణాలు' అని రాసుకెళ్తే ఒక ప్రొఫెసర్ గారు, "మీ కౌంటర్ దగ్గర మీరు మాత్రమే చూసింది ఏంటి?" అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది. కౌలు రైతులకూ పంట రుణాలు అందాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తెచ్చిన 2011 చట్టం కింద ఇచ్చిన రుణ అర్హత కార్డు పట్టుకుని కౌలు రైతు వస్తాడు. కంప్యూటర్‌లో సర్వే నంబరు కొడితే అదే పొలం మీద భూమి యజమాని అప్పటికే అప్పు తీసుకుని ఉంటాడు. కార్డు చేతిలోనే ఉంటుంది, అప్పు మాత్రం రాదు. రెండు మండలాల్లో ఇది ఎందుకు జరుగుతోందన్నదే నా ప్రశ్న అయింది. మీ ప్రశ్న కూడా మీరు రోజూ చేసే పనిలోనే ఉంటుంది. దొరికాక శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో వెతకండి. దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు అందులో ఉచితంగా చదవొచ్చు. ఎవరు ఎంతవరకు చేశారో తెలుస్తుంది.

తర్వాత గైడ్, అంటే మన పరిశోధనను దగ్గరుండి నడిపించే అధ్యాపకులు. పెద్ద పేరున్న విశ్వవిద్యాలయం కన్నా మీ విషయం తెలిసిన గైడ్ ముఖ్యమని నా గట్టి నమ్మకం. ప్రొఫెసర్ 8 మందిని, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందిని, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందిని మాత్రమే తీసుకోగలరు కాబట్టి ఖాళీ ఉందో లేదో ముందే అడగండి. రిటైర్మెంట్‌కు మూడేళ్ల కన్నా తక్కువ సర్వీసు ఉన్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. గైడ్ మీకన్నా పదేళ్లు చిన్నవారు కావచ్చు. సార్, మేడమ్ అని మనస్ఫూర్తిగా పిలవండి.

ఉద్యోగం చేస్తూ చదవాలంటే పార్ట్‌టైమ్ పిహెచ్‌డి ఉంది. ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, అందులో చదువుకు సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్స్‌వర్క్‌కు, అంటే పిహెచ్‌డిలో భాగంగా చదవాల్సిన తరగతులకు, రిలీవ్ చేస్తామని ఉండాలి. దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పిహెచ్‌డి ఇప్పిస్తామనేవారి మాట నమ్మి డబ్బు కట్టకండి. యూజీసీ 2022 నిబంధనలు దాన్ని ఒప్పుకోవు.

విశ్వవిద్యాలయం పెట్టే ప్రవేశ పరీక్షలో సగం ప్రశ్నలు సబ్జెక్టు మీద, సగం పరిశోధన పద్ధతుల మీద వస్తాయి. మన తరం తడబడేది రెండో సగంలోనే, అందుకే చదవడం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

చేరాక కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో 2 ఏళ్లు, మహిళలకు, 40 శాతం పైబడిన వైకల్యం ఉన్నవారికి ఆపైన మరో 2 ఏళ్లు అడగొచ్చు. అయినా ఆ గడువును నమ్ముకుని కూర్చోవద్దు. రోజుకు గంట చాలు, ఆ గంటను మాత్రం ఇంట్లో పెళ్లి ఉన్నా వదలకండి. నాది తెల్లవారుజామున నాలుగున్నర, వంటింటి పక్క డైనింగ్ టేబుల్.

ఆ టేబుల్ మీద ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. చదివిన ప్రతి మాటకూ పుస్తకం పేరు, పేజీ నంబరు అప్పటికప్పుడే రాయండి. రెండో ఏడాది రాసుకున్న ఒక మంచి పేరా ఎక్కడిదో తెలియక నేను వారం రోజులు వెతికాను. దొరకలేదు. థీసిస్ సమర్పించే ముందు దాన్ని కొట్టేయాల్సి వచ్చింది.