ట్యాబ్ పాడైంది: రిపేర్ చేయించాలా, కొత్తది కొనాలా?

పోయిన ఏడాది మా నాన్న ట్యాబ్ ఉన్నట్టుండి చార్జింగ్ ఎక్కడం మానేసింది. ఇంటి దగ్గర షాపులో చూపిస్తే "లోపలి సర్క్యూట్ బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నారు. పొద్దున్నే అందులో పేపర్ చదవడం నాన్నకు అలవాటు, అందుకే ఆయనకు మనసొప్పలేదు. హైదరాబాద్ అబిడ్స్‌లో ఫోన్ల రిపేర్ షాపులుండే జగదీశ్ మార్కెట్‌కి తీసుకెళ్తే, అక్కడి కుర్రాడు చార్జింగ్ పెట్టే రంధ్రంలోంచి దూదిలాంటి దుమ్ము తీశాడు. ట్యాబ్ ఇప్పటికీ పనిచేస్తోంది. అందుకే ఎవరైనా రిపేరా, కొత్తదా అని అడిగితే, అసలు పోయిందేమిటో ముందు తేల్చుకోమంటాను.

1. ముందు ఇంట్లోనే చూసుకోండి

వేరే చార్జర్, వేరే కేబుల్ పెట్టి ఓ గంట వదిలేయండి. తర్వాత పవర్ బటన్‌నీ, వాల్యూమ్ తగ్గించే బటన్‌నీ కలిపి 20 సెకన్లు నొక్కి పట్టుకోండి. చాలా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు దీంతో రీస్టార్ట్ అవుతాయి. చార్జింగ్ రంధ్రంలో టార్చ్ వేసి చూడండి. దుమ్ముంటే ట్యాబ్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. పిన్నీసు మాత్రం వాడొద్దు.

బొమ్మ కనిపిస్తోంది కానీ టచ్ పనిచేయడం లేదా? ఆండ్రాయిడ్ ట్యాబ్‌కి ఓటీజీ కేబుల్‌తో (చార్జింగ్ రంధ్రానికి యూఎస్‌బీ వస్తువులు తగిలించే చిన్న వైరు) మామూలు మౌస్ తగిలించండి. తెర మీద బాణం గుర్తు వస్తే, రిపేర్‌కి ఇచ్చేలోపే ఫొటోలన్నీ కాపీ చేసుకోవచ్చు.

నీళ్లు పడితే వెంటనే ఆఫ్ చేయండి, చార్జింగ్ పెట్టొద్దు. బియ్యంలో పెట్టడం వల్ల ఉపయోగం లేదు. వెనక భాగం ఉబ్బినా, తెర పైకి లేచినా బ్యాటరీ ఉబ్బినట్టే. దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు, చార్జ్ చేయొద్దు. అలాగే షాపుకి తీసుకెళ్లండి.

2. రెండు చోట్ల ఎస్టిమేట్ తీసుకోండి

ఒకటి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో, రెండోది బయట. బయటైతే జగదీశ్ మార్కెట్ గానీ, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) గానీ. "ఎంతవుతుంది?" అని ఒక్క మాట అడిగి వచ్చేయకండి. పగిలింది పై గ్లాసేనా, లోపలి డిస్‌ప్లే కూడానా అని అడగండి. కొన్ని ట్యాబ్‌లలో పై గ్లాస్ విడిగా వస్తుంది, ఖర్చు తక్కువ. గ్లాసూ డిస్‌ప్లే అతికి ఉన్న వాటిలో మొత్తం కాంబో మార్చాల్సిందే. వేసే పార్ట్ ఒరిజినలా, కాపీయా? వారంటీ ఎన్ని నెలలు? రిపేర్ కాకపోతే చెకింగ్‌కి డబ్బులు తీసుకుంటారా? ఇవన్నీ ముందే మాట్లాడుకోండి. ఇచ్చేటప్పుడు సిమ్, మెమరీ కార్డు తీసేసుకుని, రసీదు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

3. లెక్క ఇలా వేయండి

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. రిపేర్ ఖర్చుని అప్పట్లో కొన్న ధరతో పోలుస్తారు. పోల్చాల్సింది ఇవాళ్టి ధరతో. నాలుగేళ్ల కింద 20,000 రూపాయలకి కొన్నారనుకుందాం. కాంబోకి 6,500 అడిగితే మూడో వంతే కదా అనిపిస్తుంది. కానీ అదే పని చేసే కొత్త ట్యాబ్ ఇవాళ 14,000కి వస్తుంటే, మీరు దాదాపు సగం పెడుతున్నట్టు. సగం దగ్గరికి వచ్చిందంటే నేనైతే ఆగిపోతాను.

ధరతో పాటు సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. రెండేళ్లుగా అప్‌డేట్ రాకపోతే అందులో బ్యాంకు యాప్‌లు, యూపీఐ వాడకూడదు. అలాంటి దాని మీద వేలు పోయడం దండగ. పాటలు వినడానికీ, పిల్లల పాఠాలు చూడడానికే అయితే, తక్కువ ఖర్చుతో అయ్యే రిపేర్ చేయించి ఇంకొన్నాళ్లు వాడుకోవచ్చు.

బ్యాటరీ, చార్జింగ్ పోర్టు, స్పీకర్ లాంటివి పోతే దాదాపు ఎప్పుడూ రిపేరే నయం. బ్యాటరీ ఎలాగూ అరిగే వస్తువే, అది పోయిందని ట్యాబ్‌ని పారేయడం అన్యాయం. నీళ్లు పడి బోర్డు పాడైతే మాత్రం ఆశ పెట్టుకోవద్దు. బాగుచేసినా తుప్పు మళ్లీ బయటపడొచ్చు. చవక ట్యాబ్‌లో స్టోరేజ్ చిప్ పోయినా అంతే, దాన్ని బోర్డుకే అతికించి ఉంటారు.

4. కొత్తదే కొంటే

పాతది ఆన్ అవుతుంటే గూగుల్ లేదా యాపిల్ అకౌంట్ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. అకౌంట్ ఉండిపోతే తీసుకున్నవాళ్లకి అది లాక్ అయిపోతుంది. ఎక్స్‌చేంజ్‌లో తీసుకోకపోతే చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలో వేయకండి. చెత్తని నొక్కేటప్పుడు లిథియం బ్యాటరీ నలిగితే మంట అంటుకోవచ్చు, ఆ చెత్త ఎత్తే మనుషులకే ప్రమాదం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, పాత పరికరాల రీసైక్లింగ్ బాధ్యత తయారీ కంపెనీలదే. కాబట్టి ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, పాతది ఎక్కడ ఇవ్వాలో అడగండి.