జర్మనీ తొలి రైళ్ల జాడ పట్టుకోవడం ఎలా

బెర్లిన్‌లో హాంబుర్గర్ బాన్‌హోఫ్, అంటే హాంబుర్గ్ స్టేషన్ అని ఒక పెద్ద తెల్లటి భవనం ఉంది. పేరు విని అది హాంబుర్గ్‌లో ఉంటుందనుకునేవాళ్లే ఎక్కువ. ఈ పేరు వెనక సంగతి తెలిస్తే పాత జర్మన్ రైల్వేలు సగం అర్థమైనట్టే, అందుకే దీంతోనే మొదలుపెడుతున్నాను. 1830లలో జర్మనీ ఒకే దేశం కాదు, ప్రష్యా, సాక్సనీ, బవేరియా అంటూ ఎవరి రాజ్యం వాళ్లది. చాలాచోట్ల ఏ లైను వేసిన కంపెనీ ఆ లైనుకి ఊరి అంచున విడిగా స్టేషన్ కట్టుకుని, తన రైలు వెళ్లే ఊరి పేరే దానికి పెట్టింది. కాబట్టి పాత స్టేషన్ పేరు కనబడితే ‘ఎక్కడుంది’ అని కాదు, ‘ఎటు వెళ్లేది’ అని చదువుకోండి.

అక్కడ చదువుకుంటున్న మనవాళ్లకి డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతటా చెల్లే నెలవారీ పాస్) ఉంటే చాలు, నేను చెప్పే చోట్లన్నీ రీజనల్ రైళ్లు, ఎస్-బాన్ (లోకల్ రైలు), యు-బాన్ (మెట్రో)లలోనే తిరగొచ్చు.

ముందు న్యూరెంబర్గ్ వెళ్లండి. 1835 డిసెంబర్ 7న ఇక్కడి నుంచి పక్కనే ఉన్న ఫ్యూర్త్‌కి జర్మనీలో తొలి ఆవిరి రైలు నడిచింది, దూరం ఆరు కిలోమీటర్లే. ఇంజను పేరు ఆడ్లర్, అంటే గద్ద. ఇంగ్లండ్‌లో స్టీఫెన్‌సన్ కంపెనీ తయారుచేసి, విడదీసి, 19 పెట్టెల్లో పంపింది. అవి ఓడలో రాటర్‌డ్యామ్‌కి, రైన్ నది మీదుగా కొలోన్‌కి, అక్కడి నుంచి బండ్ల మీద వచ్చాయి. రైలు నడపడానికి విలియం విల్సన్ అనే డ్రైవర్ కూడా ఇంగ్లండ్ నుంచే వచ్చి ఇక్కడే ఉండిపోయాడు, సమాధి యోహానిస్ శ్మశానంలో ఉంది. బొగ్గు ఖరీదు కావడంతో మొదట్లో ఎక్కువ ట్రిప్పులు గుర్రాలే లాగేవి. ఇది చాలామందికి తెలియదు.

న్యూరెంబర్గ్‌లోని ప్లేరర్ కూడలి దగ్గర యు1 మెట్రో ఎక్కి ఫ్యూర్త్ వైపు వెళ్తే దాదాపు ఆ పాత దారి వెంటే వెళ్తారు. తర్వాత న్యూరెంబర్గ్‌లోనే ఉన్న డీబీ మ్యూజియంకి, అంటే జర్మన్ రైల్వే మ్యూజియంకి వెళ్లండి. అక్కడున్న ఆడ్లర్ నమూనా మాత్రమే, అసలు ఇంజన్ని 1857లోనే అమ్మేశారు. అందరూ దాని ముందు ఫోటోలు దిగి వెళ్లిపోతారు, మీరు మాత్రం 8వ నంబరు రైలు పెట్టె వెతకండి. అది ఆ లైను మీద తిరిగిన అసలు పెట్టె. గుర్రబ్బండి డబ్బాలు మూడు కలిపి చక్రాల మీద కూర్చోబెట్టినట్టుంటుంది, రైలు పెట్టె ఎలా ఉండాలో అప్పటికింకా ఎవరికీ తెలియదని చూడగానే అర్థమవుతుంది.

తర్వాత లైప్‌జిగ్. దీనికి ఒక రోజంతా కేటాయించండి. ఫ్రీడ్రిష్ లిస్ట్ అనే ఆర్థికవేత్త 1833లోనే జర్మనీ అంతటికీ రైలు మ్యాప్ గీసి చూపించాడు, ఆయన పోరుపెట్టగా పెట్టగా లైప్‌జిగ్-డ్రెస్డెన్ లైను 1839 ఏప్రిల్‌లో పూర్తయింది. జర్మనీలో తొలి దూరప్రయాణం లైను అదే. నా మనసు దోచింది మాత్రం బాయెరిషర్ బాన్‌హోఫ్, అంటే బవేరియా వైపు వెళ్లే స్టేషన్, 1842 నాటిది. నాలుగు పెద్ద కమానులతో దాని ముఖద్వారం ఇంకా నిలబడి ఉంది. కింద సొరంగం తవ్వాల్సి వచ్చినప్పుడు, 2006లో, ఆ ద్వారాన్ని మొత్తంగా 30 మీటర్లు పక్కకి జరిపి, పని అయ్యాక మళ్లీ యథాస్థానానికి తెచ్చారు. ఇప్పుడు దాని కిందే ఎస్-బాన్ ఆగుతుంది.

అక్కడి నుంచి హౌప్ట్‌బాన్‌హోఫ్‌కి, అంటే ఊరి ప్రధాన స్టేషన్‌కి వెళ్లి బయట నిలబడి చూడండి, ఒకేలాంటి ప్రవేశ మందిరాలు రెండుంటాయి. 1915లో ఇది కట్టినప్పుడు పడమటి సగం ప్రష్యా రైల్వేది, తూర్పు సగం సాక్సనీది. ఒకే కప్పు కింద రెండు రాజ్యాల స్టేషన్ అన్నమాట.

చివరికి బెర్లిన్. హౌప్ట్‌బాన్‌హోఫ్ నుంచి కాసేపు నడిస్తే హాంబుర్గర్ బాన్‌హోఫ్ వస్తుంది. 1884లో రైళ్లు ఆగిపోయాయి, ఇప్పుడది ఆధునిక కళల మ్యూజియం. టికెట్ కొనకపోయినా పర్వాలేదు, ముఖద్వారం ముందు నిలబడండి. మధ్యలో ఉన్న ఆ రెండు పెద్ద కమానులు మనుషుల కోసం కట్టినవి కావు. ఇంజను వాటిలోంచి బయటికొచ్చి, ఆవరణలోని తిరుగుడు పళ్లెం మీద వెనక్కి తిరిగి, మళ్లీ లోపలికి వెళ్లేది. మీరు నిలబడ్డది ఆ పళ్లెం ఉన్న చోటే.