సౌర టెలిస్కోపుకు కూల్డ్ కెమెరా – 4వ పాఠం: సెట్‌పాయింట్ ఎంత పెట్టాలి?

ఈసారి ఫ్లాట్లు (ధూళి మచ్చలు, వెలుతురు తేడాలు సరిదిద్దడానికి తీసే సమానమైన వెలుతురు ఫ్రేములు) నేర్చుకుందాం అన్నాను. సగం పాఠమే వాటికి మిగిలింది. 3వ పాఠంలో "కూలర్ ఆన్ చేసి సెట్‌పాయింట్ ఇవ్వండి" అని ఒక్క ముక్కలో దాటేశాను. సెట్‌పాయింట్ అంటే కూలర్ సెన్సర్‌ను నిలపాల్సిన ఉష్ణోగ్రత. అది చెప్పకపోవడంతో చాలామంది మైనస్ 10 డిగ్రీలు పెట్టారు, కొందరు మైనస్ 20 దాకా వెళ్లారు. ఒకరికి సూర్యబింబం నడుమ బూడిదరంగు మరక వచ్చింది. ఇంకొకరికి పొద్దున తీసిన డార్కులు (మూత పెట్టి తీసే చీకటి ఫ్రేములు) పదకొండింటికల్లా పనికిరాకుండా పోయాయి. మరికొందరికి కూలర్ అసలు పనే చేయలేదు.

ఈ చివరిది తేలిక, ముందు దాన్ని తేల్చేద్దాం. కెమెరా యూఎస్‌బీ కరెంటుతోనే నడిచిపోతుంది. కూలర్‌కు విడిగా 12 వోల్టులు, సాధారణంగా 3 ఆంపియర్లు కావాలి. అందుకే అడాప్టర్ తగిలించకపోయినా బొమ్మ వస్తుంది, చల్లదనం రాదు. వైరు సన్నగా, పొడవుగా ఉంటే కూలర్ గట్టిగా లాగగానే వోల్టేజీ పడిపోతుంది. కూలర్ నడుస్తుండగా ప్లగ్గు దగ్గర మల్టీమీటర్‌తో కొలవండి. 11.5 కన్నా తగ్గితే వైరు మార్చండి. కూలర్ ఆపేసి కొలిస్తే ఏ వైరైనా 12 చూపిస్తుంది, దానివల్ల ఏమీ తెలియదు.

ఇక మైనస్ 20 సంగతి. ఇది రాత్రిపూట నెబ్యులాలు తీసేవాళ్ల అలవాటు. వాళ్ల ఒక్కో ఎక్స్‌పోజర్ 300 సెకన్లు, మనది 5 మిల్లీసెకన్లు. లెక్క వేసి చూడండి. 35 డిగ్రీల దగ్గర మీ సెన్సర్‌లో పిక్సెల్‌కు సెకనుకు 1 ఎలక్ట్రాన్ చొప్పున డార్క్ కరెంట్ (కాంతి లేకున్నా వేడికే పుట్టే ఎలక్ట్రాన్లు) పుడుతోందనుకుందాం. 5 మిల్లీసెకన్లలో పుట్టేది 0.005 ఎలక్ట్రాన్. అదే సమయంలో 12,000 ఎలక్ట్రాన్లు పట్టే పిక్సెల్ సూర్యకాంతితో 70 శాతం నిండితే 8,400. కాంతికి సహజంగా ఉండే ఎగుడుదిగుడు దాని వర్గమూలం, అంటే సుమారు 92. ఆ 92 పక్కన 0.005ను వెతకడం దండగ. డార్క్ కరెంట్ దాదాపు ప్రతి 6 డిగ్రీలకు సగమవుతుంది కాబట్టి, 35 నుంచి మైనస్ 19కి దిగితే 500 రెట్లు తగ్గుతుంది. లేనిదాన్ని 500 రెట్లు తగ్గించుకోవడానికి మీరు మంచు గడ్డ కట్టించుకున్నారు.

అలాగైతే కూలర్ దేనికి? సెన్సర్‌లోని స్థిరమైన మచ్చల కోసం. ప్రతి సెన్సర్‌కూ పుట్టుకతో కొన్ని నిలువు గీతలు, కొన్ని హాట్ పిక్సెళ్లు (ఎప్పుడూ వెలిగినట్టు కనిపించేవి) ఉంటాయి. 300 ఫ్రేములు స్టాక్ చేస్తే (ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీస్తే) యాదృచ్ఛిక నాయిస్ 17 రెట్లు తగ్గుతుంది. ఆ గీతలు ప్రతి ఫ్రేములోనూ అదే చోట ఉంటాయి కాబట్టి అవి మాత్రం తగ్గవు. ట్రాకింగ్ ఎంత బాగుంటే అంత స్పష్టంగా మిగులుతాయి. ఆపైన షార్పెనింగ్ చేశారంటే సూర్యుడి మీది తంతువులకన్నా గీతలే ముందు పైకి లేస్తాయి. వాటిని తీసేసేది డార్క్. గీతల బలం సెన్సర్ ఉష్ణోగ్రతతో మారుతుంది కనుక డార్క్, వీడియో ఒకే ఉష్ణోగ్రతలో తీసినవై ఉండాలి. కూలర్ ఉద్యోగం ఇంతే. సెన్సర్ 15 దగ్గర ఉందా, 22 దగ్గర ఉందా అన్నది నాకు పట్టదు. పది గంటలకు ఎంత ఉందో ఒంటిగంటకూ అంతే ఉండాలి.

తెర మీద మీరు చూస్తూ కూర్చోవాల్సింది ఉష్ణోగ్రత అంకె కాదు, దాని పక్కనే ఉండే కూలర్ పవర్ శాతం. అది 40 నుంచి 65 మధ్య ఉంటే నిశ్చింత. 80 దాటితే హెచ్చరిక. 100 దగ్గర నిలిచిందంటే ఉష్ణోగ్రత ఇప్పుడు మీ చేతిలో లేదు, ఎండ చేతిలో ఉంది. రెండంచెల పెల్టియర్ కూలర్లు (కరెంటుతో వేడిని ఒక వైపు నుంచి మరో వైపుకు తోసేవి) పరిసరాలకన్నా 35 నుంచి 40 డిగ్రీలు కిందికి దింపుతాయని పెట్టె మీద రాస్తారు. నీడలో, పూర్తి పవర్‌తో కొలిచిన అంకె అది. మన కెమెరా ఎండలో వేలాడుతుంది. గాలి 33 ఉన్నప్పుడు నల్లటి లోహపు ఒళ్లు 45కి పోవడం వింతేమీ కాదు, కూలర్‌కు ఆ 45 నుంచే మొదలు. పొద్దున 22 డిగ్రీల గాలిలో మైనస్ 10 సులువుగా వచ్చింది, మధ్యాహ్నం నిలవలేదు, డార్కులు చెడ్డాయి. పదకొండింటి కథ ఇదే.

కాబట్టి సెట్‌పాయింట్‌ను ఆ రోజు మీరు పనిచేసే గంటల్లో అత్యధిక వేడిని బట్టి లెక్క వేయండి, పొద్దుటి చల్లదనాన్ని బట్టి కాదు. నా పద్ధతి: నీడలోని గరిష్ఠ ఉష్ణోగ్రతకు 10 కలపాలి, అందులోంచి 22 తీసేయాలి. 33 అయితే 21. తర్వాత మంచు బిందువుతో (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతతో) పోల్చాలి. గాలిలో తేమ 50 శాతానికి పైన ఉంటే దానికో మోటు లెక్క ఉంది: 100లోంచి తేమ శాతం తీసేసి, 5తో భాగించి, వచ్చినదాన్ని గాలి ఉష్ణోగ్రతలోంచి తీసేయండి. 33 డిగ్రీలు, 60 శాతం తేమ అయితే 40ని 5తో భాగిస్తే 8, మంచు బిందువు సుమారు 25. సెన్సర్‌ను 26 దగ్గర ఉంచితే తేమ పట్టే మాటే లేదు. 21 దాకా వెళ్లాలంటే కెమెరా కిటికీ అద్దం (సెన్సర్ ముందుండే అద్దం) హీటర్ ఆన్ చేసుకోండి. నేనైతే ఇలాంటి రోజున 26తో సరిపెట్టుకుంటాను. ఇంత హెచ్చు సెట్‌పాయింట్ చూసి నవ్వేవాళ్లుంటారు, నవ్వనివ్వండి.

కెమెరాకు నీడ కల్పించడం సెట్‌పాయింట్ అంత ముఖ్యం. టెలిస్కోపు గొట్టం చుట్టూ తెల్ల అట్టతో పళ్లెంలా ఒక గొడుగు కట్టండి. కెమెరాకు గుడ్డ చుట్టకండి, ఫ్యాన్ రంధ్రాలు మూసుకుపోతాయి.

నడిమి మరక తేమేనా? టెలిస్కోపును కొద్దిగా కదపండి. మరక సూర్యుడితోపాటు కదిలితే అది సూర్యుడిదే, సంతోషించండి. కదలకుండా అక్కడే ఉండి, అంచులు మెత్తగా ఉండి, పావుగంటలో పెద్దదైతే తేమ. చిన్న ఉంగరంలా ఉండి పెరగకపోతే ధూళి, ఫ్లాట్‌తో పోతుంది. వరుసగా నలుపు తెలుపు చారలు కనిపిస్తే న్యూటన్ వలయాలు. హైడ్రోజన్ ఆల్ఫా వంటి ఒకే తరంగదైర్ఘ్యపు కాంతి సెన్సర్ అద్దాల మధ్య అటూ ఇటూ తిరిగి పుట్టించే చారలవి. కెమెరాను ఒకటి రెండు డిగ్రీలు వాల్చాలి, దాని అడాప్టర్ సంగతి 5వ పాఠంలో.

తేమ అని తేలితే కెమెరా విప్పి, కిటికీ అద్దాన్ని టార్చితో ఏటవాలుగా చూడండి. పొగమంచులాంటి పొర అద్దం బయట ఉంటే సెట్‌పాయింట్ పెంచితే చాలు. లోపల సెన్సర్ మీద ఫెర్న్ ఆకుల్లా స్ఫటికాలు కనిపిస్తే సెన్సర్ గదిలోని సిలికా జెల్ బిళ్ల (తేమ పీల్చుకునేది) తేమతో నిండిపోయింది. తీసి 100 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఆరబెట్టి, పొడి వాతావరణంలో తిరిగి బిగించండి. బిళ్ల ప్లాస్టిక్ తొడుగుతో ఉంటే తయారీదారు చెప్పిన వేడి దాటొద్దు. పని ముగిశాక కూలర్‌ను టక్కున ఆపొద్దు. నిమిషానికి 2, 3 డిగ్రీల చొప్పున పరిసర ఉష్ణోగ్రతకు తెచ్చి, అప్పుడే విప్పండి.

ఇప్పుడు ఫ్లాట్లు, క్లుప్తంగా. సెన్సర్ సెట్‌పాయింట్‌కు చేరి 10 నిమిషాలు నిలవాలి. వీడియో అయ్యాక ఫోకస్, గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలన్న అమరిక), కెమెరా కోణం ఏదీ ముట్టకుండా టెలిస్కోపు ముందు పాల రంగు ప్లాస్టిక్ సంచిని ముడతలు లేకుండా బిగించి, బింబం మధ్యకు గురిపెట్టండి. ముందున్న సౌర ఫిల్టర్ స్థానంలో సంచి పెట్టమని అనడం లేదు. ఫిల్టర్ దాని చోట ఉండాలి, సంచి దానికి బయట. వెలుతురు బాగా తగ్గుతుంది, ఎక్స్‌పోజర్ పెంచి హిస్టోగ్రామ్ (ఏ వెలుతురులో ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే గ్రాఫు) శిఖరాన్ని 60–70 శాతానికి తెచ్చి 100 ఫ్రేములు తీయండి. ఎక్స్‌పోజర్ మారింది కనుక ఫ్లాట్‌కు వేరే డార్క్ కావాలి, మూత పెట్టి అదే ఎక్స్‌పోజర్‌తో ఇంకో 100. డార్కుల్లో హిస్టోగ్రామ్ ఎడమ గోడకు ఆనుకుంటే ఆఫ్‌సెట్ (ప్రతి పిక్సెల్ విలువకూ కలిపే స్థిర అంకె) పెంచి అన్నీ మళ్లీ తీయాలి, దీనికి దొంగదారి లేదు.

అభ్యాసం ఈసారి ఒక్కటే, కాస్త పెద్దది. ఎండ ఎక్కే మూడు గంటలు ఎంచుకోండి. ప్రతి 15 నిమిషాలకు మూత పెట్టి 5 మిల్లీసెకన్ల డార్కులు 100 తీయండి, గెయిన్ మార్చొద్దు. ప్రతిసారీ గాలి ఉష్ణోగ్రత, తేమ, సెన్సర్ ఉష్ణోగ్రత, కూలర్ శాతం రాసుకోండి. మొత్తం 13 వరుసలు వస్తాయి. ప్రతి వందనూ సగటు చేసి, మొదటి సగటును మిగతా పన్నెండింటిలోంచి విడివిడిగా తీసేయండి. మిగిలిన బొమ్మను సాగదీసి చూస్తే చదునుగా ఉండాలి. గీతలు ఏ వరుస నుంచి మొదలయ్యాయో, అప్పటి కూలర్ శాతం ఎంతో గుర్తు పెట్టండి. మరుసటి రోజు ఇదంతా కూలర్ ఆపేసి ఇంకోసారి. 5వ పాఠం మొదలుపెట్టే ముందు ఆ రెండు పట్టికలూ పక్కన ఉంచుకోండి.