పాస్‌పోర్టు మారాక ఊళ్ళో పొలం, పేరు, ఓటు

కొడుకు ఇండియా పాస్‌పోర్టుతో దుబాయ్‌లో ఉన్నా, డాలస్‌లో అమెరికా సిటిజన్ అయిపోయినా కోనసీమలో ఇద్దరినీ ఎన్నారై అనే అంటాం. చైనావాళ్ళు ఈ ఇద్దరికీ వేరువేరు మాటలు పెట్టుకున్నారు. చైనా పౌరసత్వం వదులుకోకుండా బయట స్థిరపడినవాడు హువాచ్యావ్, పరాయి పౌరసత్వం తీసుకున్నవాడు హువారెన్. కాగితాల పనికి దిగేముందు మీవాడు ఈ రెంటిలో ఏదో తేల్చుకోండి.

మన పౌరసత్వ చట్టం (1955) 9వ సెక్షన్, చైనా జాతీయత చట్టం (1980) 9వ అధికరణ చెప్పేది దాదాపు ఒకటే: కోరి వేరే దేశపు పౌరసత్వం తీసుకుంటే పాతది పోతుంది. చైనావాడు ఆ తర్వాత సొంతూరికి వెళ్ళాలన్నా పరాయి దేశస్థుడిలాగే వెళ్ళాలి. మనవాళ్ళకు 2005 నుంచి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉంది. పేరులో సిటిజన్ అని ఉన్నా అది జీవితకాలపు వీసా, అంతే.

కొత్త దేశపు పౌరసత్వ ప్రమాణం చేశాక పాత ఇండియా పాస్‌పోర్టుతో ప్రయాణం చేయకూడదు. ముందు దాన్ని సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకోవాలి, తర్వాత ఓసీఐకి పెట్టుకోవాలి. పిల్లలకు చిన్నప్పుడే ఓసీఐ తీసుకుంటే, 20 ఏళ్ళు నిండాక వచ్చిన కొత్త పాస్‌పోర్టుతో ఒకసారి మళ్ళీ చేయించాలి.

ఎక్కువమంది ఇరుక్కునేది పేరు దగ్గర. ఇంటిపేరు ముందు రాయడం మనకూ చైనావాళ్ళకూ అలవాటే, అమెరికాలో అది చివరికి పోతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ‘కె.వి. సత్యనారాయణ’, పొలం పాసుపుస్తకంలో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఆ ఖాళీ వల్లే అమెరికా వీసాలో అసలు పేరంతా ఇంటిపేరై, ముందు ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం! సిటిజన్‌షిప్ దరఖాస్తులోనే పేరు సరిచేయించుకోవడం తేలిక. అది దాటిపోతే, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి దగ్గర ఉంచుకోండి.

ఇక పొలం. తండ్రి బతికుండగానే కొబ్బరితోటను బయట ఉన్న కొడుక్కి గిఫ్ట్ రాసేస్తుంటారు. ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం అది చెల్లదు, ఇక్కడ ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైకైనా ఓసీఐకైనా ఒకటే రూలు. వరిచేను, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు, గిఫ్ట్‌గా పుచ్చుకోకూడదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు రిజిస్టర్ అయినంత మాత్రాన తప్పు ఒప్పవదు. వారసత్వంగా మాత్రం రావచ్చు. అందుకని గిఫ్ట్ మానేసి వీలునామా రాయండి. ఇంటి స్థలానికీ, డాబాకీ ఈ అడ్డు లేదు.

వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించడమే మేలు. ‘తూర్పున పంటబోదె, పడమర ఫలానావారి చేను’ అని సరిహద్దులతో వదిలేస్తే, ఆ ఫలానావారు అమ్ముకుపోయాక తలనొప్పి. సర్వే నంబరు రాయండి, రీసర్వే అయిన ఊరైతే కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు కూడా. తండ్రి పోయాక మరణ ధ్రువీకరణ, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రాలతో మ్యుటేషన్‌కు (రికార్డుల్లో పేరు మార్పిడికి) పెట్టి, 1బి, అడంగల్ భూమి రికార్డుల్లో పేరు మారిందో లేదో మీభూమి వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఇలా వచ్చిన పొలాన్ని ఇండియాలో ఉండేవారికే అమ్మాలి. అన్నదమ్ములిద్దరూ అమెరికాలో ఉంటే ఒకరి వాటా ఇంకొకరికి రాయడం కుదరదు, ఇది చాలామందికి చివరి నిమిషంలో తెలుస్తుంది.

రాలేనివారు తమ తరఫున పని చేసే అధికారాన్ని ఇక్కడివారికి ఇస్తూ పవర్ ఆఫ్ అటార్నీ పంపొచ్చు. భారత కాన్సులేట్‌లో సంతకం పెట్టాలి, లేదా అక్కడి నోటరీ దగ్గర పెట్టి అపోస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లేలా వేసే అధికారిక ధ్రువీకరణ) వేయించాలి. అపోస్టిల్ ఒప్పందం మనకు 2005 నుంచి, చైనాకు 2023 నవంబరు నుంచి అమల్లో ఉంది. కాగితం ఇండియాకు చేరిన 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. బీరువాలో పెట్టి మర్చిపోయేది ఇదే. పవర్ ఇచ్చినవారు చనిపోతే అదీ పోతుంది.

ఓటు సంగతి: ఇండియా పాస్‌పోర్టు ఉన్నవారు ఫారం 6ఎ తో సొంతూళ్ళో ఓటరుగా చేరొచ్చు, కానీ బూత్‌కు స్వయంగా రావాలి. పౌరసత్వం మారితే ఫారం 7 పెట్టి పేరు తీయించాలి. స్నేహితుడు ఎమ్మెల్యేకి నిలబడ్డాడని ఓసీఐ అయినవాళ్ళు డబ్బు పంపడం మాత్రం వద్దు. విదేశీ విరాళాల చట్టం (2010) లెక్కలో అది విదేశీ సొమ్ము, పుచ్చుకున్న అభ్యర్థికీ చిక్కే.