బొంతలు కుట్టిన మనిషి పోయాక ఆమె బట్టల మూటలను ఏం చేయాలి?

మా అత్తగారు పోయినప్పుడు మేడ మీది గదిలో రెండు ఇనప్పెట్టెలు, ఏడు మూటలు, కాలితో తొక్కే కుట్టు మిషను ఒకటి మిగిలాయి. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడిలో మా వీధి పిల్లల్లో చాలామంది ఆవిడ కుట్టిన బొంతలోనే పెరిగారు. తెలుగువాళ్ళు బొంత అని, ఒడియావాళ్ళు కంథా అని అడిగి కుట్టించుకునేవారు. పెద్దకర్మ అయిన మర్నాడు, బంధువులు ఊళ్ళకు బయలుదేరే హడావిడిలో, ఒక పెట్టెలోని బట్టంతా పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే మనిషికి వేసేశాం. ఒక బేసిను, రెండు గిన్నెలు వచ్చాయి.

వారం తర్వాత ఎదురింటి అమ్మాయి వచ్చింది. చనిపోయిన తన తండ్రి పంచెలు మూడు అత్తగారికి ఇచ్చానని, పుట్టబోయే బిడ్డకు వాటితో బొంత కుట్టమన్నానని చెప్పింది. ఆ పంచెలు మేము అమ్మిన పెట్టెలో ఉన్నాయి. ఎంత తిరిగినా మళ్ళీ దొరకలేదు. ఆ అమ్మాయి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మొదటి పని: ఎవరి బట్టో తేల్చండి

నెల రోజులపాటు ఏ మూటా గడప దాటకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. శుభ్రం చేద్దామని ముందుకొచ్చే బంధువులు మంచి మనసుతోనే వస్తారు. అయినా ఆగమనండి. ఈలోగా వీధిలో, గుడి దగ్గర, ఆవిడ దారం కొనే దుకాణంలో కబురు పెట్టండి: “కుట్టడానికి ఇచ్చిన బట్ట ఏదైనా ఉంటే వచ్చి చూసుకోండి.” వచ్చినవాళ్ళు బయానా ఇచ్చి ఉంటే, పని మొదలు కాకపోతే, ఆ డబ్బు తిరిగి ఇచ్చేయండి.

తర్వాత మూటలను ఒక్కొక్కటిగా, పగటి వెలుతురులో, దుప్పటి పరచి దాని మీద విప్పండి. ముడి వేసి ఉన్న బట్టను మాత్రం వెంటనే విప్పవద్దు. చదువు పెద్దగా లేని కుట్టుపనివాళ్ళకు ముడే లెక్కల పుస్తకం. మా అత్తగారు బట్ట మూలన ఒక ముడి వేస్తే ఉయ్యాల బొంత, రెండు వేస్తే ఒంటిమంచం బొంత. ముడి చుట్టూ చుట్టిన దారం రంగును బట్టి అది ఏ ఇంటిదో ఆవిడకు తెలిసేది. పసుపు దారం మిల్లు వీధివాళ్ళది, నీలం పాతపట్నం నుంచి వచ్చినవాళ్ళది. ఈ సంగతి మాకు చెప్పింది ఆవిడ పక్కన కూర్చుని సూదికి దారం ఎక్కించి ఇచ్చే పదేళ్ళ పిల్ల. మీ ఇంట్లోనూ అలాంటి పిల్ల ఎవరో ఉంటారు. పెద్దవాళ్ళకంటే ముందు వాళ్ళను అడగండి.

చీటీలు గుచ్చి ఉంటే వాటిని బట్ట నుంచి తీయకండి. సరిహద్దు ఊళ్ళలో చీటీ ఏ లిపిలోనైనా ఉండవచ్చు. మా దగ్గర ఒడియాలో ఉన్నవి రెండు పక్కింటివాళ్ళతో చదివించుకున్నాం. దెగ్లూరు, ధర్మాబాదు, సిరొంచ వైపు ఉన్నవాళ్ళకు మరాఠీ చీటీలు తగులుతాయి. అక్కడ బొంతను గోధడీ అంటారు కాబట్టి, “గోధడీకి ఇచ్చినవి” అని కబురు పెడితేనే అందరికీ అర్థమవుతుంది.

మడతల్లో చెయ్యి పెట్టి తడమండి. చిన్న చిన్న దాపుడు సొమ్ములు బట్టల్లోనే ఉంటాయి. మాకు ఒక గలీబు లోపల 2016 నవంబరులో రద్దయిన వెయ్యి రూపాయల నోట్లు రెండు దొరికాయి. ఎవరికోసం దాచిందో.

కట్టుకున్న బట్ట వేరు, దాచిన బట్ట వేరు

పోయినవారి బట్టలు ఇంట్లో ఉంచకూడదని చాలామంది పట్టు పడతారు. ఆవిడ కట్టుకున్న చీరల విషయంలో మీ ఇంటి ఆచారం ఎలా ఉంటే అలా చేయండి. కానీ కుట్టుకోసం పోగుచేసిన ముక్కలు ఆవిడ ఒంటి బట్టలు కావు. అవి పనిముట్లు. కమ్మరి పోయాడని సుత్తిని పారేయరు కదా. ఈ మాట పురోహితుల చేత చెప్పించగలిగితే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

మిషను గురించి ఒక సంగతి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా పోయిన స్త్రీ ఆస్తిలో మొదటి హక్కు కొడుకులకు, కూతుళ్ళకు, భర్తకు సమానంగా ఉంటుంది. పాత మిషను ఏపాటి ఆస్తి అనిపించవచ్చు. పెళ్ళయి వెళ్ళిపోయిన కూతురిని అడగకుండా దాన్ని ఇచ్చేస్తే మాత్రం ఆ నొప్పి ఏళ్ళ తరబడి ఉంటుంది.

బట్టను పరీక్షించండి

ఇక్కడ తొందర పడవద్దు. ముందు అన్నింటినీ ఒక పూట నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు మా మేడ గది గోడకు చెమ్మెక్కింది. ఆ గోడకు ఆనించిన మూటలో అడుగున ఉన్న ముక్కలన్నింటికీ నల్ల చుక్కలు పడ్డాయి. బూజు దులిపి, ఉతికి, ఎండలో వేస్తే వాసన పోతుంది, చుక్కలు పోవు. అలాంటివి బొంత లోపొరకు పనికొస్తాయి.

ప్రతి ముక్కనూ రెండు చేతులతో పట్టి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగండి. పర్రుమని చిరిగితే దాని ఆయుష్షు అయిపోయినట్టే. దారపు రీళ్ళనూ ఇలాగే చూడండి. మూరెడు దారం తీసి లాగితే పుటుక్కున తెగే నూలు దారంతో కుట్టిన బొంత రెండు ఉతుకులకే విడిపోతుంది.

ఏది నూలో ఏది కాదో చేతికి తెలియకపోతే అంచు నుంచి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, పళ్ళెం మీద కాల్చండి. పక్కన నీళ్ళు పెట్టుకోండి. నూలు కాగితం కాలిన వాసన వేసి మెత్తని బూడిద అవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, మిగిలిన నల్లపూస వేళ్ళ మధ్య నలిగిపోతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా బిగుసుకుంటుంది, నలిపినా నలగదు. పసిపిల్లల బొంతకు నూలు తప్ప మరొకటి వద్దు.

రంగు వదిలేదాన్ని కనిపెట్టడానికి తెల్ల గుడ్డ తడిపి రుద్దితే చాలు.

నాఫ్తలీన్ గోళీలు వేసి దాచిన బట్టల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డలను అలాంటి బట్టలో చుట్టితే ఎర్ర రక్తకణాలు విరిగిపోయి, కామెర్లు ముదిరి, ప్రాణం మీదికి రావచ్చు. ఆ లోపం ఉన్నట్టు చాలాసార్లు ముందుగా ఇంట్లో ఎవరికీ తెలియదు. కాబట్టి గోళీల వాసన ఉన్న బట్టను ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా రోజుల తరబడి ఎండగట్టాలి. పోకపోతే అది పెద్దల బొంతకే. ఇకమీదట దాచేవాటికి గంజి తీసేసి, ఎండు వేపాకు వేయండి. గంజి ఉన్న బట్టనే పురుగు ముందు కొడుతుంది.

కత్తెర వేయకూడనివి కొన్ని ఉంటాయి. పొందూరు సన్నఖద్దరు, కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో ఆల్ చెట్టు వేరుతో ఎర్రరంగు అద్దిన నేత, బరంపురం పట్టు కనిపిస్తే చిన్న ముక్క అయినా విడిగా పెట్టండి. కోట్‌పాడ్ నేతకు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటి విలువ తెలిసిన నేతగాళ్ళకో, ఇంట్లో చీర కట్టే పిల్లకో చూపించాకే ఏమి చేయాలో నిర్ణయించండి.

సగంలో ఆగిన బొంతలు

మా మూటల్లో ఇవి మూడు. ఒకదానిలో సూది అలాగే గుచ్చి ఉంది, దారం ఇంకా జానెడు మిగిలి ఉంది. ఎడమ అంచు నుంచి వరుసలు వరుసలుగా వచ్చిన కుట్లు గింజ గింజకూ సమంగా ఉన్నాయి. మధ్యకు వచ్చేసరికి కొంచెం పెద్దవయ్యాయి, చివరి రెండు వరుసలు వంకరపోయాయి. ఆవిడ కళ్ళు, చేతులు ఎప్పుడు అలసిపోయాయో ఆ బట్ట మీద కనిపిస్తుంది.

ఇలాంటివాటిని పూర్తి చేయించండి. కానీ ముందు అయస్కాంతం ముక్క ఒకటి తీసుకుని బొంత రెండు వైపులా మెల్లగా తిప్పండి. విరిగిన సూదిమొన, గుండుసూది లోపొరలో ఉండిపోవడం సాధారణం. తర్వాత అరచేత్తో నొక్కి చూడండి. అప్పుడు బాగా కుట్టగల మనిషికి ఇచ్చి, ఒకే ఒక్క షరతు పెట్టండి: పాత కుట్లు విప్పకూడదు, వంకరవైనా సరే. ఆవిడ ఆగినచోటు నుంచి కొత్త దారంతో మొదలుపెట్టమనండి. కూలి తప్పకుండా ఇవ్వండి. పోయినవారి మీద గౌరవంతో ఊరికే చేస్తామని అంటారు, ఒప్పుకోకండి. పూర్తయిన బొంత ఎవరికోసం మొదలైందో వాళ్ళకే చేరాలి. ఎవరికో తెలియకపోతే ఇంట్లో పుట్టబోయే మొదటి బిడ్డకు ఉంచండి.

మిషను

నెలల తరబడి కదలకపోతే లోపలి నూనె జిగురుగా మారి చక్రం బిగుసుకుంటుంది. కుట్టు మిషను నూనె చుక్కచుక్కగా వేసి, పై చక్రాన్ని చేత్తో మీ వైపుకు తిప్పండి. కొబ్బరినూనె వేయవద్దు, అది ఇంకా గడ్డకడుతుంది. సూదీ దారం తీసేసి, బట్టను నొక్కిపట్టే మిషను పాదం కింద మడతపెట్టిన గుడ్డ పెట్టండి. తోలు బెల్టు ఎండి పగిలితే కొత్తది తక్కువ ధరకే దొరుకుతుంది. ఎవరికి ఇచ్చినా బాబిన్లు, బాబిన్ డబ్బీతో సహా ఇవ్వండి. ఒక మిషను డబ్బీ మరొకదానికి సరిపోకపోవచ్చు.

ముందు చేతులను వెతకండి, తర్వాత బట్టను పంచండి

“జ్ఞాపకంగా తలా ఒక మూట తీసుకోండి” అని పంచితే మూటలు నాలుగు ఇళ్ళ అటకలెక్కుతాయి, అంతే. ఇంటివాళ్ళు జ్ఞాపకానికి జానెడు ముక్క ఒక్కొక్కటి తీసుకుంటే చాలు. మిగతాదంతా కుట్టే చేతులకు వెళ్ళాలి. ఎవరు కుడతారో అడిగి పేర్లు రాసుకోండి: వీధిలో బొంతలు వేసేవాళ్ళు, అప్పుడే మిషను నేర్చుకుంటున్న పిల్లలు, మహిళా సంఘాలు. ఒడిశాలో 2001 నుంచి నడుస్తున్న మిషన్ శక్తి సంఘాల్లో కుట్టుపని చేసేవాళ్ళు ఉంటారు. వెళ్ళి మాట్లాడి, వాళ్ళకు కావలసిన రకమే ఇవ్వండి. చిరిగినవీ చుక్కలవీ కలిపి ఇస్తే వాళ్ళ మీద పని పడేసినట్టు అవుతుంది. పెద్ద ముక్కలను గజాల లెక్కన కట్టి, “నూలు, ఉతికినది” అని చీటీ పెడితే తీసుకునేవారికి సుఖం.

అంగుస్తానా (సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగు), కత్తెర, టేపు ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళకు ఇవ్వండి. తుప్పు సూదులను మూత ఉన్న మందుసీసాలో వేసి పారేయండి. పేలికలు దిండ్లలోకి, వేడి గిన్నెలు దించే మసిగుడ్డల్లోకి పోతాయి.

మీరే కుట్టేవారైతే

ఈ పని వెనకవాళ్ళకు వదలకండి. ఏడాదికి ఒకసారి, వానలు వెనకబట్టాక, మూటలు ఎండకు వేసే రోజునే ప్రతి మూటలో ఒక చీటీ పెట్టండి. ఇది ఎవరి బట్ట, దేనికోసం, నా తర్వాత ఎవరికి, ఈ మూడే రాయండి. మీ ముడులకు, దారపు రంగులకు అర్థం ఏమిటో ఇంట్లో ఒకరికైనా నేర్పండి. ఎదురింటి అమ్మాయి ఇప్పుడు తన బట్టలన్నింటికీ అలాంటి చీటీలే గుచ్చుతోంది. తండ్రి లుంగీ ఒకటి మిగిలి ఉంటే దాన్ని మధ్యలో పెట్టి, చుట్టూ మా అత్తగారి పెట్టెలోని ముక్కలతో బొంత కుట్టుకుంది. దాని చీటీ మీద కొడుకు పేరు రాసింది.