బడి మూసినా పిల్లల చదువు ఆగకుండా

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో నా దగ్గర ట్యూషన్‌కి వచ్చే తెలుగు పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. 2020లో లాగా బడి నెలల తరబడి మూతపడితే ముందు జారిపోయేది ఒడియా రాతే. అందుకే పొద్దున్నే ఒడియా పాఠంలో ఒక పేరా పైకి చదివించి, చూడకుండా రాయించండి. తర్వాత అదే విషయం తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమైనట్టే. అమ్మకి ఒడియా చదవడం రాకపోయినా ఫరవాలేదు, శ్రద్ధగా వింటే చాలు.

లెక్కలకి కిరాణా చీటీ ఉంది కదా! కందిపప్పు కిలో ధర చెప్పి ముప్పావు కిలో ఎంతో అడగండి. ఫోన్ ఉంటే ప్రభుత్వం వారి చదువుల యాప్ దీక్షాలో ఒడియా, తెలుగు పాఠాలు రెండూ ఉచితం. టైంటేబుల్ గురించి టెన్షన్ పడకండి. చిన్నపిల్లలకి పూటకి అరగంట చాలు, కానీ రోజూ జరగాలి. సాయంత్రం నాయనమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దించండి.