పాత ట్రక్కు పునరుద్ధరణ: తీరిక తక్కువగా ఉన్నవారికి ఒక పద్ధతి

పాత ట్రక్కును బాగుచేయడం మొదలుపెట్టి మధ్యలో వదిలేసేవారిలో చాలామంది పనితనం చాలక వదలరు. మొదటి ఉత్సాహంలో బండినంతా ఒకేసారి విప్పేసి, నెలల తర్వాత ఏ బోల్టు ఎక్కడిదో తెలియక చేతులెత్తేస్తారు. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువుల నడుమ వారానికి రెండు మూడు గంటలకు మించి దొరకనివారు, పని ఎంత వేగంగా సాగుతుందా అని కాక, ఎక్కడ ఆపితే బండికి నష్టం ఉండదా అని ముందుగా ఆలోచించుకోవాలి. ఆ దృష్టితో చూస్తే పనుల వరుసే కాదు, తుప్పు వదిలించే పద్ధతి కూడా మారిపోతుంది.

పానా పట్టుకునే ముందు కొన్ని సాయంత్రాలు బండిని పరిశీలించడానికే కేటాయించడం మంచిది. తుప్పు ముందుగా పట్టేది నీరు, మట్టి నిలిచే చోట్లనే: క్యాబిన్ నేల రేకు, తలుపుల అడుగు అంచు, క్యాబిన్ వెనుక మూలలు, క్యాబిన్‌ను ఛాసిస్‌కు బిగించే బ్రాకెట్లు. చిన్న సుత్తితో తడుతూ పోతే గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తినేసిన రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూస్తే రంగు కింద ఉన్నది రేకో, పుట్టీయో తేలిపోతుంది. కమాన్ కట్టల (బరువు మోసే స్ప్రింగు పట్టీల) బ్రాకెట్లు ఛాసిస్‌కు రివెట్లతో కలిసే చోటును మరింత జాగ్రత్తగా చూడాలి. అక్కడ పగులు కనిపిస్తే మిగిలిన పనులన్నీ దాని తర్వాతే.

ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన వర్క్‌షాప్ మాన్యువల్‌ను ఈ దశలోనే సంపాదించాలి, ఎందుకంటే ఒకే పేరుతో వచ్చిన బండ్లలోనూ సంవత్సరాన్ని బట్టి తేడాలుంటాయి. ఫోర్డ్ ట్రక్కులు 1956 మోడల్‌తో 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారాయి. అంతకుముందు వాటిలో బ్యాటరీ పాజిటివ్ కొన ఛాసిస్‌కు ఎర్త్ అయి ఉండేది కనుక, అలవాటు ప్రకారం నెగటివ్‌ను ఎర్త్ చేస్తే చార్జింగ్ వ్యవస్థ దెబ్బతినవచ్చు. 1953 వరకు షెవర్లే తేలికపాటి ట్రక్కుల్లో వచ్చిన 216 ఘనపుటంగుళాల ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) బేరింగులు విడిగా మార్చుకునే షెల్లులు కావు, రాడ్‌లోనే బాబిట్ అనే మెత్తటి మిశ్రమ లోహంతో పోతపోసినవి. ఈ సంగతి ఇంజిన్ విప్పక ముందే తెలిస్తే, బాబిట్‌ను మళ్లీ పోతపోయగలవారిని నిదానంగా వెతుక్కోవచ్చు.

ఒక వ్యవస్థను విప్పి, బాగుచేసి, తిరిగి బిగించాకే మరోదానిపై చేయి వేయాలి. భాగాలు బయటి పనికి వెళ్లి చేయి ఖాళీగా ఉన్న రోజుల్లో తప్ప, ఈ ఒక్క నియమంలో మాత్రం సడలింపు ఉండకూడదని నా గట్టి నమ్మకం. అలా చేసినప్పుడు బండి తన చక్రాలపైనే నిలబడి, అవసరమైతే తోసి పక్కకు పెట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. ముందు బ్రేకులు, తర్వాత ఇంధనం, ఇంజిన్, వైరింగ్, స్టీరింగ్. రేకు పని, రంగు చివరికి. కంటికి కనిపించేది రంగే కనుక మనసు అటే లాగుతుంది గానీ, ముందే వేసిన రంగు తర్వాతి పనుల్లో గీతలు పడి పాడవుతుంది.

ప్రతిసారీ చివరి పావుగంటను పని ఆపడానికే ఉంచుకోవాలి. విప్పిన భాగాలను వాటి బోల్టులతో సహా మూత పడే సంచుల్లో వేసి, అది ఏ భాగమో, ఏ వైపుదో, వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో చీటీ రాసి సంచి లోపలే పెట్టాలి; బయట అంటించిన చీటీ నూనె తగిలి ఊడిపోతుంది. ఇంజిన్ పైభాగం విప్పినప్పుడు ఒక అట్టముక్కకు వరుసగా రంధ్రాలు పొడిచి, ఇంజిన్ ముందువైపు ఏదో తెలిసేలా బాణం గుర్తు వేసి, పుష్ రాడ్లను (వాల్వులను తెరిపించే సన్నని కడ్డీలను) తీసిన క్రమంలోనే వాటిలో గుచ్చి ఉంచాలి, ఎందుకంటే ఏళ్ల తరబడి కలిసి అరిగిన భాగాలు తిరిగి తమ చోటికే వెళ్లాలి. తుప్పు గీకిన రేకు తేమగాలికి ఒక్క రాత్రిలోనే మళ్లీ ఎర్రబడవచ్చు కనుక, ఆ పూటకు ప్రైమర్ వేయగలిగినంత మేరే గీకాలి. నోటుపుస్తకంలో జరిగిన పనిని రాయడం కన్నా, మళ్లీ వచ్చినప్పుడు మొదట చేయవలసినది రాయడం ఎక్కువ ఉపయోగం. “ఎడమవైపు ముందు చక్రం: బ్యాక్ ప్లేట్ కింది బోల్టు చేత్తోనే తిప్పి వదిలాను, పానాతో బిగించాలి” అన్న ఒక్క వాక్యం పెద్ద ప్రమాదాన్ని తప్పించగలదు.

బ్రేకుల పనిలో తొందర, పొదుపు రెండూ పనికిరావు. బండిని జాకీ మీదే వదిలి కిందికి దూరకుండా, సమతలంగా ఉన్న గట్టి నేలపై స్టాండ్లు పెట్టాలి. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ వాడేవారు కాబట్టి డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదకూడదు. దానికి తగిన మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూసి పారవేయాలి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, ఏళ్లుగా నిలిచిన బండిలో వీల్ సిలిండర్లు (ప్రతి చక్రం దగ్గర బ్రేకును నెట్టేవి) లోపల గుంటలు పడి, పిస్టన్లు పట్టేసి ఉండడం సాధారణం. రబ్బరు గొట్టాలు బయటికి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి దారి మూసుకుపోతాయి, అందుకే చూసి నిర్ణయించకుండా అన్నింటినీ మార్చాలి. చాలా పాత ట్రక్కుల్లో మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ను అన్ని చక్రాలకు నెట్టేది) ఒకే సర్క్యూట్‌ది. ఎక్కడ ఒక్క పైపు పగిలినా అన్ని చక్రాల బ్రేకూ పోతుంది. తుప్పు పట్టిన ఇనుప పైపులను వదలకుండా మార్చమనేది అందుకే.

చాలాకాలం నిలిచిన పెట్రోలు ఇంజిన్‌ను వెంటనే సెల్ఫ్ కొట్టి తిప్పకూడదు. ప్లగ్గులు తీసి, ప్రతి సిలిండర్‌లో కొద్దిగా పెనెట్రేటింగ్ ఆయిల్ పోసి, కొన్ని రోజులు అలాగే ఉంచి, తర్వాత క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి ముందుకూ వెనక్కూ మెల్లగా కదపాలి. కదలకపోతే బలం పెంచకుండా ఇంకొంత నూనె పోసి మరో వారం ఆగాలి. ట్యాంకులో మిగిలిన పాత పెట్రోలును పూర్తిగా తీసేసి, జిగురు పట్టిన కార్బురేటర్‌ను శుభ్రం చేశాకే స్టార్ట్ చేయాలి.

మనం లేనప్పుడు కూడా సాగే పనులు తీరిక లేనివారికి వరం. ఒక వంతు మొలాసిస్‌కు (చక్కెర తయారీలో మిగిలే మడ్డికి) తొమ్మిది వంతుల నీళ్లు కలిపిన తొట్టెలో తుప్పు పట్టిన ఇనుప బ్రాకెట్లను ముంచి ఉంచితే, రెండు మూడు వారాల్లో తుప్పు చాలావరకు వదులుతుంది. వాసన మాత్రం భరించాలి. అల్యూమినియం, జింక్ భాగాలను అది తినేస్తుంది కనుక వాటిని వేయకూడదు. సిలిండర్ బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్ కోసం భాగాలను బయటికి పంపిన వారాల్లో బట్ట చుట్టిన పాత వైర్లను ఒక్కో సర్క్యూట్ చొప్పున, ఫ్యూజుతో సహా మార్చుకోవచ్చు.

లాక్ రింగుతో (టైరును రిమ్ముపై పట్టి ఉంచే విడి ఇనుప రింగుతో) వచ్చే రిమ్ములను మాత్రం ఇంట్లో ముట్టుకోవద్దు. గాలి నింపేటప్పుడు రింగు ఎగిరిపడితే ప్రాణం పోతుంది; ఇనుప పంజరంలో పెట్టి గాలి నింపేవారికే ఆ పని అప్పగించాలి.

మొదటిసారి రోడ్డెక్కే ముందు బ్రేక్ పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టుకుని, అది కిందికి జారుతోందేమో చూడాలి. ఖాళీ రోడ్డుపై తక్కువ వేగంతో కొద్ది దూరం నడిపి, డ్రమ్ముల్లో ఏదైనా మిగతావాటి కన్నా ఎక్కువగా వేడెక్కిందేమో దగ్గరగా చెయ్యి పెట్టి గమనించాలి. 50 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లను మళ్లీ బిగించాలి. కొన్ని పాత బండ్లలో ఎడమవైపు చక్రాలకు ఎడమ మర (మామూలుకు వ్యతిరేక దిశలో తిప్పితే బిగిసేది) ఉంటుంది కాబట్టి, బలం వేసే ముందు మర ఎటు తిరుగుతుందో స్టడ్డు కొనను చూసి నిర్ధారించుకోవాలి.